రోజూ నొచ్చే గొంతు

భద్రయ్య ఇంట్లో మాట్లాడడు. అలక కాదు, పొగరు అంతకన్నా కాదు. ఆయన దగ్గరున్న మాటలన్నీ పొద్దెక్కేలోగా బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లోనే ఖర్చయిపోతాయి. రాఘవేందర్ సేటు కమీషన్ దుకాణం ముందు టమాటా పెట్టెల మీద నిలబడి హర్రాజు పాడటం ఆయన పని. చుట్టూ మూగిన చిల్లర వ్యాపారుల కేకలు, లారీల హారన్లు, హమాలీల తిట్లు, వీటన్నిటినీ దాటి ఆయన గొంతు వినబడాలి. వినబడకపోతే సరుకు కదలదు, సేటు ఊరుకోడు. అందుకని ఇంటికొచ్చాక మర్నాటి పాట దాకా గొంతుకు సెలవు. ఈ నియమం ఆయనకు నేర్పింది అంతకు ముందు అదే దుకాణం ముందు అరిచి అరిచి ముసలాడైన మేనమామ.

పెళ్లయిన కొత్తలో కమలాబాయి తనను మూగవాడికి కట్టబెట్టారేమోనని హడలిపోయింది. తర్వాత్తర్వాత ఆ చేతుల్ని చదవడం నేర్చుకుంది. అరచెయ్యి కడుపు మీద ఆనిస్తే అన్నం. బొటనవేలు పెదవికి తగిలిస్తే చాయ్. మోకాలి మీద తడితే ఫ్యాన్ వెయ్యమని. చూపుడువేలు గాల్లో ఒక చుట్టు తిప్పి వదిలేస్తే, దాని సంగతి తర్వాత చూద్దామని. ఈ చివరి సైగంటే ఆయనకు మహా ప్రీతి. కారే కుళాయి దగ్గర్నుంచి కూతురు ఇంద్రజ పెళ్లి దాకా ఆ ఇంట్లో ప్రతిదానికీ ముందు ఆ వేలే తిరిగింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కమలాబాయి మొగుడి నోరు ఊరిదే, ఇంటికి మిగిలింది చేతులు. ఆ చేతులతోనే ముప్పై ఏళ్లు కాపురం చేసింది. ఆయన్ను చీకటితో లేపి పంపడం, రాంగోపాల్‌పేట్ దుకాణాల నుంచి చీరల మూట తెచ్చుకుని ఫాల్స్ కుట్టడం, మధ్యాహ్నం ఆయనొస్తే వడ్డించడం, మళ్లీ కుట్టడం. ఆమె ఎప్పుడూ అలసిపోయే ఉంటుంది. అలసట లేని రోజు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి కూడా ఆమెకు తీరిక లేదు.

జబ్బు వచ్చినప్పుడు అది జబ్బులా రాలేదు, హుషారులా వచ్చింది. వానాకాలంలో మొదలైంది. భద్రయ్య ఇద్దరి తిండి తినేవాడు, చొక్కాలు మాత్రం నెలనెలా వదులయ్యేవి. బయట ముసురు పడుతుంటే లోపల ఫ్యాన్ తిరగాల్సిందే. రాత్రిళ్లు పడుకునేవాడు కాదు, మంచం మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. వేళ్లు వణికేవి. ఆ వణుకులో ఆయన చాయ్ అడుగుతున్నాడో, వద్దంటున్నాడో కమలాబాయికి తెలిసేది కాదు. ముప్పై ఏళ్లుగా వచ్చిన భాష ఒక్కసారిగా మర్చిపోయినట్టయింది ఆమెకు.

మార్కెట్లో పాట పరుగందుకుంది. ‘ఒకటోసారి’ అన్న మాట వ్యాపారుల చెవిన పడేలోగా మూడోసారి అయిపోయేది. ఒకే బస్తా పచ్చిమిర్చిని ఇద్దరు తమదంటే తమదని కాలర్లు పట్టుకున్నారు. సేటు మొదట ముచ్చటపడ్డాడు, తొందరగా సరుకు ఖాళీ అవుతోంది కదా అని. తర్వాత అనుమానపడి దగ్గరకొచ్చి ఆయన నోరు వాసన చూశాడు. చివరికి ఒకనాడు పాట మధ్యలో గుండె దడదడలాడి భద్రయ్య పెట్టెల మీదే కూలబడ్డాడు. హమాలీలు ఎత్తి ఆటోలో వేశారు. అలా చేరారు పెద్ద దవాఖానకు.

అక్కడి డాక్టర్ పేరు గ్లోరియా. యాభై దాటిన మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారినా పైకి తోసుకునే ఓపిక లేనంత పని. రక్తం రిపోర్టు చూసి, మెడ తడిమి, భద్రయ్య చేతులు చాపమని వాటి మీద కాగితం పెట్టింది. కాగితం గాలికి ఆకులా ఆడింది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి ఒంట్లో పనులన్నీ ఎంత వేగంతో సాగాలో చెబుతుందని, ఈయనకు అది అదుపు తప్పి పరుగెత్తిస్తోందని వివరించింది. కార్బిమజోల్ అనే గోలీ రోజుకు మూడు పూటలా రాసింది. గుండె దడ తగ్గడానికి ఇంకొకటి. నెల దాటగానే మళ్లీ రక్తం చూడాలని, దాన్నిబట్టి మందు తగ్గిస్తామని చెప్పింది. బాగుందని సొంతంగా మానకూడదు, బాగాలేదని సొంతంగా పెంచకూడదు. మందు తక్కువైతే గుండె మళ్లీ పరుగెడుతుంది, ఎక్కువైతే మనిషి మొద్దుబారి మూలన పడతాడు. మందుల దుకాణంలో పాత చీటీ చూపించి నెలల తరబడి అదే కొనుక్కునేవాళ్లను చూసి చూసి విసుగెత్తిందని కూడా అంది.

భద్రయ్య లేవబోయాడు. ఆమె కూర్చోమంది.

“అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఈ గోలీ చాలామందికి మంచే చేస్తుంది. వెయ్యి మందిలో ఏ ఇద్దరు ముగ్గురికో మాత్రం రక్తంలో తెల్ల కణాల్ని తుడిచేస్తుంది. ఒంటికి కాపలా అవే. అవి లేకపోతే చిన్న ఇన్ఫెక్షన్ చాలు, ప్రాణం పోతుంది. ముందుగా తెలిసేది గొంతు నొప్పి, జ్వరం. అవి వచ్చిన రోజు గోలీ ఆపాలి. ఆ రోజే వచ్చి రక్తం చూపించుకోవాలి. రేపు అనుకోవద్దు.”

భద్రయ్య నవ్వాడు. సెలవులో ఉన్న గొంతును పనికి పిలిచాడు.

“నా గొంతు రోజూ నొస్తది మేడం. రోజూ రావాల్నా?”

డాక్టర్ నవ్వలేదు. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాడు. ఆమె కాసేపు పెన్ను బల్ల మీద ఆడించింది. ఇన్నేళ్లలో ఆమె ఈ హెచ్చరిక ఎందరికి చెప్పిందో, హెచ్చరికే పనికిరాని మనిషి మాత్రం ఇప్పుడే తగిలాడు. లవంగం బుగ్గన పెట్టుకుని, ఉప్పునీళ్లు పుక్కిలించి, మంట పుట్టిన గొంతుతోనే ముప్పై ఏళ్లు అరిచినవాడికి గొంతు నొప్పి అంటే ఏమిటి, రోజూ తెల్లారడం లాంటిదే కదా.

అప్పుడామె కమలాబాయి వైపు తిరిగింది. “ఈయన గొంతును మనం నమ్మలేం అమ్మా. జ్వరాన్ని నమ్ముదాం. రోజూ ఒళ్లు చూస్తారా?”

కమలాబాయి తలూపింది. డాక్టర్ ఊరుకోలేదు, ఏం చెయ్యాలో ఆమెచేత తిరిగి చెప్పించుకుంది. ఒళ్లు కాలితే గోలీ బందు, అదే రోజు దవాఖాన, తెల్ల కణాలు చూడమని అడగాలె. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పి ఆమె బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే అనిపించింది, ఉన్న పనుల మీద ఇంకో పని పడిందని. ఆ ఆలోచనకు సిగ్గుపడింది గానీ, వచ్చిన ఆలోచన వచ్చినట్టే ఉంది.

అది మొదలు రోజూ మధ్యాహ్నం ఆయన చెప్పులు విప్పగానే ఆమె కుట్టుపని పక్కనబెట్టి లేచేది. ఎడమచేతి వెనకవైపు ఆయన మెడకు ఆనించేది. ఇంద్రజ ఒక థర్మామీటర్ కొని ఇచ్చింది గానీ, అది కూత పెట్టేలోగా భద్రయ్య నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. రెండుసార్లు జారి కింద పడ్డాక అది టీవీ పక్కకు చేరింది. పిల్ల జ్వరాలన్నీ చేత్తో చూసే గట్టెక్కించాను, ఈ చేతికన్నా అదేం చెబుతుందనుకుంది కమలాబాయి.

ఆయనకు ఈ తనిఖీ మొదట్లో చిరాకు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒకనాడు నోరు తెరిచి మరీ అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. కొన్నాళ్లకు ఆయనే గుమ్మంలో ఆగి, మెడ వంచి, చెయ్యి ఆనించుకుని లోపలికి వచ్చేవాడు. మార్కెట్ గేటు దగ్గర లారీ ఆగి చీటీ చూపించినట్టు.

నెల దాటాక రక్తం చూపించారు. మంచి కబురే. మూడు పూటల గోలీ ఒక పూటకు దిగింది, సాయంత్రం ఒక్కటే. వణుకు పోయింది. సైగలు మళ్లీ అర్థమయ్యాయి. హర్రాజు పాత దారిన పడిందని, ఇప్పుడు మూడోసారికి ముందు ఊపిరి పీల్చుకోవడానికి సందు దొరుకుతోందని వ్యాపారులే నవ్వారు. గ్లోరియా మాత్రం నవ్వలేదు. మందు తగ్గిందంటే భయం పోయిందని కాదని, మొదటి మూణ్నాలుగు నెలలే గండమని, కాపలా సడలించవద్దని మళ్లీ చెప్పింది.

కమలాబాయి సడలించలేదు. కానీ ఆ ఒక్క క్షణం కోసం ఆమె పొద్దుటినుంచీ బిగబట్టుకుని ఉండేది. చెయ్యి చల్లగా తగలగానే ఒంట్లో నరాలన్నీ ఒకేసారి వదులయ్యేవి. చీరల మూట తలకింద పెట్టుకుని అక్కడే చాప మీద ఒరిగేది. రోజు మొత్తంలో ఆమె పడుకునే పగటి నిద్ర అదొక్కటే. భద్రయ్య తన అన్నం తానే పెట్టుకుని, గోడకు ఆనుకుని, తింటూ ఆమెను చూస్తుండేవాడు.

చలికాలం వచ్చింది. మార్కెట్లో పొగమంచు, లారీ పొగ కలిసి ఎదుటి మనిషి కనబడనంతగా కమ్మేసేవి. అందరికీ దగ్గు, అందరికీ గొంతు నొప్పి. మార్కెట్ గేటు దగ్గర చాయ్ బండివాడు గల్లాపెట్టె పక్కనే జ్వరం గోలీల డబ్బా పెట్టుకుంటాడు. ఒక చాయ్, ఒక గోలీ, ఆ తర్వాత సంచి భుజానికి. గోలీ లేకుండా లేచే హమాలీ లేడని రాఘవేందర్ సేటు ఎప్పుడో ఇంటికొచ్చినప్పుడు నవ్వుతూ చెబితే, కమలాబాయి అయ్యో అనుకుని మర్చిపోయింది.

ఆ వారం భద్రయ్య రెండు మూడు రోజులుగా చాయ్ సగం వదిలేస్తున్నాడు. అన్నం వద్దని పెరుగు కలిపిన మెతుకులు మింగుతున్నాడు. ఏమైందని అడిగితే గొంతు చూపించి చెయ్యి తిప్పేశాడు, ఎప్పుడూ ఉండేదేగా అని. ఆమె ఒకటికి రెండుసార్లు మెడ చూసింది. చల్లగా ఉంది. చల్లగానే కాదు, తడిగా కూడా ఉంది. అంత చలిలో చెమటేమిటని ఒక్క క్షణం అనిపించింది. బస్టాపు నుంచి నడిచొచ్చాడు కదా అని తనకు తానే జవాబు చెప్పుకుంది. అలసిన మనిషికి మొదట తోచిన జవాబే చాలు. చాప మీద ఒరిగింది.

ఆ తర్వాతి రోజు కూడా మెడ చల్లగానే తగిలింది. భద్రయ్య అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కాసేపు కునికి లేచి, పెళ్లివారి చీరలు ఆ పూటే ఇవ్వాల్సి ఉండటంతో కుట్టుకుంటూ కూర్చుంది. పొద్దు వాలుతుంటే ఆయన్ను గోలీకి లేపింది. ఆయన లేచి కూర్చుని, కళ్లు సరిగా తెరవకుండానే గోలీ నోట్లో వేసుకుని నీళ్లు పట్టాడు. నీళ్లు ముక్కులోంచి వెనక్కి వచ్చాయి. గోలీ దుప్పటి మీద పడింది.

పొలమారిందనుకుని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి పెనంలా కాలుతోంది.

ఫోన్ వెలుగులో ఆయన నోరు తెరిపించి చూసింది. నాలుక వెనక, గొంతు చుట్టూ తెల్లగా పుండ్లు. మధ్యాహ్నం చల్లగా ఉన్న మనిషి ఇంతలోకే ఇలా ఎలా అయ్యాడు? అది ఆలోచించే వేళ కాదు. దుప్పటి మీది గోలీని తీసి పిడికిట్లో పెట్టుకుంది.

భద్రయ్య చెయ్యి చాపాడు, గోలీ ఇమ్మని. ఆమె ఇవ్వలేదు. మళ్లీ చాపాడు.

“ఇయ్యి కమలా. ఒక్క పూట సుత మానొద్దన్నది మేడం.”

ఆ గొంతు ఆయనది కాదు. మార్కెట్టంతా వినబడే గొంతు మంచం దాటి రావడం లేదు.

“జరం వస్తే ఆపుమన్నది గా మేడమే,” అంది కమలాబాయి. “లే. దవాఖానకు పోదాం.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. పొద్దున పోదామన్నాడు. తెల్లారి మదనపల్లె నుంచి టమాటా లారీలు వస్తున్నాయని, పాట అయ్యాక అటునుంచి అటే పోదామని మాట మాటకూ ఆగి ఆగి చెప్పాడు. అంత చెప్పడానికే ఆయాసపడి, మిగతాది సైగకు వదిలేశాడు. చూపుడువేలు పైకి లేచింది.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో కమలాబాయికి కూడా పొద్దున పోవాలనే ఉంది. కాళ్లు పీకుతున్నాయి. కుట్టాల్సిన చీర ఇంకా ఒడిలోనే ఉంది. దవాఖాన అంటే ఆటో, వరస, బెంచీ, మళ్లీ వరస. పొద్దున్నే ఇంద్రజ కూడా లాలాగూడ నుంచి వస్తుంది, తోడుంటుంది. ఒక్క రాత్రే కదా. ఆ రాత్రి పడుకోవాలని ఒళ్లంతా బతిమాలుతోంది. అంత అలసటలోనూ డాక్టర్ ముందు తాను అప్పజెప్పిన పాఠం మాత్రం చెవిలో వినబడుతూనే ఉంది. అదే రోజు. అదే రోజు.

భద్రయ్య వేలు గాల్లో చుట్టు తిరగబోయింది. ఆమె ఆ వేలిని పట్టుకుంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి పట్టుకుని, మెల్లగా కిందికి దించింది.

“తర్వాత లేదు,” అంది.

ఆయన ఆమె భుజం పట్టుకుని లేచాడు. ఎదురు చెప్పే ఓపిక లేదు. చీరను మూటలో కుక్కి, తలుపు దగ్గరికేసి, ఆమె ఆటోకు కేకేసింది.

అత్యవసర విభాగంలో జయకృష్ణ అనే కుర్ర డాక్టర్ ఉన్నాడు. ఆ సీజన్‌లో గొంతు నొప్పి జ్వరాలు వరసకట్టి వస్తున్నాయి, అతని ముందు అలాంటివాళ్లు అప్పటికే బెంచీల నిండా ఉన్నారు. కమలాబాయి వరసలో నిలబడలేదు. పక్కనుంచి వెళ్లి, మందుల చీటీ బల్ల మీద పెట్టి, ఈయన థైరాయిడ్ గోలీ తింటున్నాడని, గొంతు మూసుకుపోయిందని, ఒళ్లు కాలుతోందని, తెల్ల కణాలు చూడాలని ఒక్క ఊపిరిలో చెప్పింది. అతను చీటీ చదివి రాస్తున్న కలం ఆపాడు. లేచి వచ్చి భద్రయ్య గొంతు చూశాడు. అక్కడికక్కడే రక్తం తీయించి పంపాడు, రిపోర్టు కోసం తానే లోపలికి వెళ్లాడు.

తిరిగి వచ్చేటప్పటికి అతని మొహం మారిపోయింది. తెల్ల కణాలు దాదాపు లేవు.

ఆ తర్వాత అంతా తొందరతొందరగా జరిగింది. భద్రయ్యను విడిగా ఒక గదిలో ఉంచారు. రెండు చేతులకూ సూదులు, పైన మందు సీసాలు. తెల్ల కణాలు పుట్టించే ఇంజెక్షన్ వేరే. గదిలోకి ఎవరూ పోవద్దన్నారు. పోవాల్సి వస్తే మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని, ఆయన్ను తాకకుండా దూరంగా నిలబడాలి. రోజూ మెడ మీద పెట్టిన చెయ్యే ఇప్పుడు ఆయనకు అపాయమన్నారు. కమలాబాయి ఆ చేతిని కొంగులో చుట్టుకుని వరండాలో కూర్చుంది.

జయకృష్ణ ఒక సంగతి అడిగాడు. గొంతు ఆ స్థితికి రావాలంటే జ్వరం మూడు నాలుగు రోజుల నుంచీ ఉండి ఉండాలి, మీరు చూడలేదా అని. అతను తప్పుపట్టి అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. రోజూ చూశానంది. చల్లగా ఉందంది. ఇంకేమైనా గోలీలు వేసుకున్నారా అన్నాడు. లేదంది. అతను వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయింది. నా చెయ్యి మొద్దుబారిందా? అలసిపోయి, చూసినట్టు చేసి పడుకున్నానా? ఇంద్రజ వచ్చి డబ్బాలో అన్నం పెడితే ముద్ద దిగలేదు. నీ తప్పేముందమ్మా అంది కూతురు. తప్పెవరిదో తేలేదాకా ఆ మాట ఎవరన్నా ఆమెకు ఎక్కదు.

మొదటి రెండు రోజులూ భద్రయ్యకు ఒళ్లు తెలియలేదు. మగతలో చేతులు లేస్తుండేవి, టమాటా పెట్టెల మీద నిలబడి లెక్క పెడుతున్నట్టు వేళ్లు విప్పేవాడు. పాట నోట రావడం లేదు, చేతులే పాడుతున్నాయి. గది అద్దాల కిటికీ బయట నిలబడి కమలాబాయి ఏడ్చింది. ఇంట్లో ఆయన మాట్లాడని మాటలన్నీ ఇక ఎప్పటికీ వినలేనేమోనని ఏడ్చింది. సేటు ఫోన్ చేసి ఎప్పుడొస్తాడని అడిగితే, ఇంద్రజ అందుకుని బతికితే వస్తాడని చెప్పి పెట్టేసింది.

బతికాడు. రోజూ తీసే రక్తంలో అంకె ముందు కదలక, ఆ తర్వాత కొద్దికొద్దిగా పెరిగింది. జ్వరం దిగింది. పుండ్లు మానసాగాయి. అద్దంలోంచి కమలాబాయిని చూసి ఒకరోజు బొటనవేలు పెదవికి తగిలించాడు. ఆమె చాయ్ కోసం గబగబా మెట్లు దిగింది.

గ్లోరియా డాక్టర్ వచ్చి మంచం దగ్గర నిలబడి చెప్పింది. ఈ గోలీ ఈ జన్మలో మళ్లీ ముట్టకూడదు. దీని కోవకే చెందిన ఇంకో గోలీ కూడా వద్దు. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఈ సంగతి ముందు చెప్పాలి. ఒంట్లో బలం వచ్చాక రేడియో అయోడిన్ మందు ఒకసారి తాగిస్తారు, అది గ్రంథి వేగాన్ని అణుస్తుంది. ఆ తర్వాత గ్రంథి మరీ నెమ్మదిస్తే దానికి వేరే గోలీ, దానికీ రక్తం పరీక్షలు. కమలాబాయి అన్నీ విని తలూపింది. అంటే ఇది అయిపోయేది కాదన్నమాట, రూపం మార్చుకుని ఇంట్లోనే ఉంటుందన్నమాట. సరే అనుకుంది. అలసటకు ఆమె ఎప్పుడో అలవాటు పడింది, బతికిన మనిషి కోసం అలసిపోవడం నయం.

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం భద్రయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా మళ్లీ వదులైంది. ఆమె ఎదురుగా కూర్చుని, బెంచీ మీదనుంచి తనతో పాటే ఇంటికొచ్చిన ప్రశ్నను బయటపెట్టింది. అన్ని రోజులు చూసిన, ఎట్ల సల్లగున్నవ్ అని అడిగింది.

ఆయన వేలు సగం లేచింది. ఆమె చూపు చూసి దించేశాడు.

“చాయ్ బండి కాడ జరం గోలీ ఏసుకున్న. పొద్దుగాల ఒకటి. ఇంటికొచ్చే ముంగట ఒకటి.”

“ఇంటికొచ్చే ముంగట ఎందుకు?”

బయట ఎవరో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ పోయారు.

“నీ చెయ్యికి సల్లగ తాకితేనే నువ్వు జెర పండుకుంటవ్,” అన్నాడు. “లేకుంటే పండుకోవు.”

కమలాబాయికి ముందు కోపం వచ్చింది. చేతికందిన చీరల మూట ఆయన మీదికి విసిరింది. నా నిద్ర కోసం చస్తావా అని అరవబోయింది. గోడకు ఆనుకుని తింటూ తనను చూసే ఆ కళ్లు గుర్తొచ్చాయి. అన్ని మధ్యాహ్నాలు తాను నిద్రపోతుంటే ఆయన ఏం చూశాడో ఇప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన మూటను పక్కకు జరిపి, ఏం చెయ్యాలో తెలియక ఫ్యాన్ వేశాడు.

సంక్రాంతి రద్దీ తగ్గాక భద్రయ్య మళ్లీ పెట్టెలెక్కాడు. గొంతు మునుపటంత దూరం పోవడం లేదని సేటు సణుగుతాడు గానీ, వేరేవాడిని పెట్టలేదు. ఆ గోలీ ఎలాగూ మానేశారు కాబట్టి ఇక ఒళ్లు చూడక్కర్లేదని గ్లోరియా డాక్టర్ చెప్పింది. అయినా మధ్యాహ్నం చెప్పుల చప్పుడు వినగానే కమలాబాయి లేస్తుంది. ఇప్పుడు చెయ్యి వెంటనే చాపదు. ముందు అడుగుతుంది, ఏమన్న గోలీ ఏసుకున్నవా అని. తల ఊపితే ఒప్పుకోదు. సైగ చేస్తే కదలదు. భద్రయ్య గుమ్మంలో నిలబడి, అరిచి అరిచి మండుతున్న గొంతులోంచి ‘ఏసుకోలే’ అని పైకి అంటాడు. సెలవు వేళ ఆయన ఆ ఇంటికోసం ఖర్చుపెట్టే మాట అదొక్కటే. అప్పుడు ఆమె చెయ్యి మెడ మీదికి వెళుతుంది.

చల్లగా తగిలినా ఆమె ఒరగదు. చీర ఒళ్లో వేసుకుని కూర్చుంటుంది, ఆయన నిద్రపోయేదాకా.